టైటానియా నానోగొట్టాల మీద ప్లాటినం పెంచితే హైడ్రోజన్ ఎందుకు తగ్గుతోంది?

పెన్నా తీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. చెన్నైలో రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇక్కడ ఉత్ప్రేరకాల మీద పనిచేసినవారు కొందరు ఉన్నారని తెలిసి, కొంతకాలంగా నన్ను నిద్రపోనివ్వని ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను.

నా పని కాంతితో నీటి నుంచి హైడ్రోజన్ తీయడం. పీ25 అనే రకం టైటానియం డయాక్సైడ్ (టైటానియా) పొడిని 10 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కలిపి, టెఫ్లాన్ పాత్ర ఉన్న ఆటోక్లేవ్‌లో (మూసి వేడిచేసే పీడన పాత్రలో) 130 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచుతాను. తర్వాత సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, నీటితో బాగా కడిగి, ఆరబెట్టి, 400 డిగ్రీల వద్ద కాలుస్తాను. టీఈఎం (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) చిత్రాల్లో గొట్టాలు చక్కగా కనిపిస్తున్నాయి. బయటి వ్యాసం సుమారు 10 నానోమీటర్లు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాల వివర్తనంలో) 25.3 డిగ్రీల దగ్గర అనటేజ్ అనే స్ఫటిక రూపపు శిఖరం ఉంది. ఆ పొడిని క్లోరోప్లాటినిక్ ఆమ్లం, మిథనాల్ కలిపిన నీటిలో వేసి, అతినీలలోహిత దీపం కింద ప్లాటినం పట్టిస్తాను. తెల్లని పొడి బూడిదరంగుకు తిరుగుతుంది.

పరీక్షలో 50 మిల్లీగ్రాముల పొడి, 100 మిల్లీలీటర్ల ద్రవం, అందులో 20 శాతం మిథనాల్. బరువులో అర శాతం ప్లాటినం ఉన్న నమూనా కంటే 1 శాతం నమూనా మెరుగ్గా ఉంది, గంటకు దాదాపు 100 మైక్రోమోల్ హైడ్రోజన్ ఇస్తోంది. 2 శాతానికి పెంచితే అర శాతం నమూనా కంటే కూడా కిందికి పడిపోయింది. ప్లాటినం ఎలక్ట్రాన్లను పట్టుకుంటుందని, అక్కడే ప్రోటాన్లు హైడ్రోజన్ అవుతాయని చదివాను. పట్టుకునే చోట్లు పెరిగితే ఫలితం తగ్గడం ఏమిటి?

ఇంకో రెండు సందేహాలు. ప్లాటినం లవణానికే మా నిధుల్లో పెద్ద వాటా పోతోంది. రాగి గానీ, నికెల్ గానీ ఇదే పద్ధతిలో పట్టించవచ్చా? ఇక మిథనాల్ ఉన్నప్పుడు వచ్చే హైడ్రోజన్‌ను నీటిని విడగొట్టడం వల్ల వచ్చిందని వ్యాసంలో రాయవచ్చా? మా గైడ్‌గారు రాయవచ్చంటున్నారు. నా మనసు ఒప్పుకోవడం లేదు.

కాంతిరసాయనం

అమ్మా, మీ మనసు చెబుతున్నదే సరైనది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు మీ టపాలో నాకు కనిపించిన లోటు ఒకటి చెప్పనివ్వండి. ఎలక్ట్రాన్ గురించి ఇంత రాశారు, హోల్ గురించి ఒక్క మాట రాయలేదు. ఈ రంగంలో చాలామంది చేసేది ఇదే. మీ మూడు ప్రశ్నలకూ జవాబు ఆ రెండో వైపునే ఉంది.

అనటేజ్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను పైకి లేపడానికి కావలసిన కనీస శక్తి) 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 388 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలనే అది తీసుకుంటుంది. ఒక ఫోటాన్ పడితే ఒక ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, దాని చోట ఒక హోల్ మిగులుతుంది. వాటిలో అత్యధిక భాగం ఏ పనీ చేయకుండానే మళ్లీ కలిసిపోతాయి. ప్లాటినం చేసే మేలు మీరు చదివినదే: దాని వర్క్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన శక్తి) ఎక్కువ కాబట్టి ఎలక్ట్రాన్ అటు జారుతుంది, హద్దు దగ్గర ఏర్పడే షాట్కీ అడ్డంకి దాన్ని వెనక్కి రానివ్వదు. పైగా హైడ్రోజన్ పరమాణువును ప్లాటినం మరీ గట్టిగానూ పట్టుకోదు, మరీ వదులుగానూ వదలదు. అయితే కావడికి ఒక వైపే కుండ కడితే నడక సాగదు. ఎలక్ట్రాన్ ఎంత వేగంగా ఖర్చవుతుందో హోల్ కూడా అంతే వేగంగా ఖర్చవ్వాలి. మీ పాత్రలో హోల్‌ను ఖర్చు చేస్తున్నది మిథనాల్. అది టైటానియా గోడకు అంటుకుని ఉంటేనే ఆ పని చేయగలదు.

ఇప్పుడు 2 శాతం నమూనా దగ్గరికి వద్దాం. ప్లాటినం పెరిగేకొద్దీ మిథనాల్ కూర్చునే గోడ తగ్గుతుంది. నల్లని లోహం కాంతిని తానే మింగుతుంది, ఆ కాంతి టైటానియాకు చేరదు. మరో సంగతి, పెంచిన ప్లాటినమంతా కొత్త కణాలుగా ఏర్పడదు. ఉన్న కణాల మీదే పేరుకుని వాటిని లావు చేస్తుంది కాబట్టి, బరువు రెట్టింపైనా పనిచేసే చోట్లు ఆ నిష్పత్తిలో పెరగవు. కణాలు పెద్దవై దగ్గరపడితే హోళ్లు కూడా వాటి దగ్గరికే వచ్చి ఎలక్ట్రాన్‌తో కలిసిపోతాయి. విడదీయడానికి పెట్టిన లోహం కలిపే చోటుగా మారుతుంది. ప్లాటినం మీద హైడ్రోజన్, ఆక్సిజన్ తిరిగి నీరవడం కూడా ఒక కారణమని చాలా వ్యాసాల్లో రాస్తారు. మీ పాత్రలో మిథనాల్ ఉంది, ఆక్సిజన్ దాదాపు పుట్టదు, కాబట్టి మీ విషయంలో ఆ కారణాన్ని పక్కన పెట్టండి.

గొట్టం ఆకారం తెచ్చే చిక్కు ఒకటి ఉంది. మీ గొట్టాల లోపలి వ్యాసం 5 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ప్లాటినం కణం 3, 4 నానోమీటర్లకు పెరిగి గొట్టం మూతి దగ్గర కూర్చుంటే, ఆ లోపలి గోడంతా మిథనాల్‌కు అందకుండా పోయినట్టే. టైటానియా ఉపరితల ఆవేశం పీహెచ్ 6 దగ్గర సున్నా అవుతుంది, అంతకు దిగువన ధనావేశం. క్లోరోప్లాటినేట్ రుణ అయాన్ కాబట్టి ఆమ్ల ద్రావణంలో ఎక్కడ దొరికితే అక్కడ అంటుకుంటుంది. కాల్చక ముందు టైటానేట్ రూపంలో ఉండే గొట్టాలు ధన అయాన్లను మార్పిడి చేసుకోగలవు. ప్లాటినం ధన అయాన్‌లో ఉండే టెట్రా అమ్మైన్ ప్లాటినం లవణంతో ఆ దశలోనే లోహాన్ని ఎక్కించి చూడండి, కణాలు ఇంకా సన్నగా వచ్చే అవకాశం ఉంది.

అసలు గొట్టం ఎందుకు ఎంచుకున్నామో గుర్తుంచుకోవాలి. టైటానియాలో హోల్ నడవగలిగే దూరం 10 నానోమీటర్ల స్థాయిలోనే ఉంటుంది. మీ గొట్టం గోడ మందం రెండు మూడు నానోమీటర్లు. ఎక్కడ పుట్టిన హోల్ అయినా ఏదో ఒక ముఖానికి చేరగలదు. 1998లో కసుగా బృందం ఈ క్షార పద్ధతిని ప్రకటించినప్పటి నుంచి జనం గొట్టాల ఉపరితల వైశాల్యాన్నే పొగుడుతున్నారు. నా దృష్టిలో అసలు వరం ఆ పలచని గోడ. 500 డిగ్రీలు దాటించి కాలిస్తే గోడలు కూలి కడ్డీలు, గుళికలు మిగులుతాయి, ఆ వరం పోతుంది. 400 దగ్గర ఆగడం మంచి నిర్ణయం. కడగడంలో మాత్రం సోడియం పూర్తిగా పోయిందో లేదో చూసుకోండి.

ఇక చేయవలసినవి. 2 శాతం నమూనాలో నిజంగా 2 శాతం ఉందా? వేసినదంతా పట్టిందని అనుకోకుండా ఐసీపీతో (మూలకాల మోతాదు కొలిచే పరికరంతో) కొలిపించండి. ఐఐటీ మద్రాసులోని సైఫ్ అనే విశ్లేషణ పరికరాల కేంద్రం బయటివారి నమూనాలనూ రుసుము తీసుకుని పరీక్షిస్తుంది. కణాల పరిమాణం టీఈఎంలో కనీసం వందకు పైగా కణాలు లెక్కించి చూడండి. మిథనాల్ గాఢతను మార్చి 1, 2 శాతం నమూనాలు రెండింటినీ పోల్చండి. 2 శాతం నమూనాకు మిథనాల్ పెంచినప్పుడు మాత్రమే మెరుగుదల కనిపిస్తే ఇబ్బంది హోల్ వైపు ఉందని తేలుతుంది.

తరమణి పరిశోధకుడు

రాగి, నికెల్ సంగతి నేను చెబుతాను, నా థీసిస్‌లో సగం అదే.

కాంతితో లోహాన్ని పట్టించాలంటే టైటానియాలో పైకి లేచిన ఎలక్ట్రాన్‌కు ఆ అయాన్‌ను లోహంగా మార్చే శక్తి ఉండాలి. ఆమ్ల ద్రావణంలో అనటేజ్ కండక్షన్ బ్యాండ్ (లేచిన ఎలక్ట్రాన్ ఉండే స్థాయి) హైడ్రోజన్ సున్నా వోల్టులకు కాస్త రుణ వైపునే ఉంటుంది. బంగారం, ప్లాటినం, వెండి అయాన్ల ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ విలువలు బాగా ధనాత్మకం, అవి సులువుగా దిగుతాయి. రాగి విలువ ధన 0.34 వోల్టులు, అదీ దిగుతుంది. నికెల్ విలువ రుణ 0.26. ఎలక్ట్రాన్‌కు అంత తోపు ఉండదు కాబట్టి మీ పద్ధతిలో నికెల్ సరిగా పట్టదు. నికెల్ లవణంలో తడిపి, ఆరబెట్టి, సోడియం బోరోహైడ్రైడ్‌తో గానీ, వేడి మీద హైడ్రోజన్‌తో గానీ క్షయకరణం చేయాలి. నికెల్ హైడ్రాక్సైడ్‌గా దించినా పనిచేస్తుంది.

రాగి చవక, ఫలితం నిజంగా బాగుంటుంది. అయితే దాని స్థితి నిలకడగా ఉండదు. కాంతి కింద ఆర్గాన్‌లో ఉన్నంతసేపు లోహంగానో ఒకటో ఆక్సీకరణ స్థితిలోనో ఉంటుంది. గాలి తగిలితే ఆక్సైడ్ అవుతుంది. కాబట్టి వడకట్టి, ఆరబెట్టి తీసిన ఎక్స్‌పీఎస్ (ఉపరితల మూలకాల స్థితి చెప్పే పరీక్ష) చూసి పాత్రలోనూ రాగి అలాగే ఉందని రాయకండి. పరీక్ష ముగిశాక వడకట్టిన ద్రవంలో రాగి ఎంత కరిగిందో ఏఏఎస్‌తో (పరమాణు శోషణ వర్ణపట పద్ధతితో) తప్పక కొలవండి. రెండోసారి, మూడోసారి వాడినప్పుడు ఫలితం తగ్గిందంటే చాలావరకు కారణం ఆ ద్రవంలోనే దొరుకుతుంది.

ఒక్క మాట కాంతిరసాయనంగారితో విభేదిస్తాను. ఎలక్ట్రాన్, హోల్ లెక్కలు ఎంత గొప్పవైనా, పత్రికలు అడిగేది గ్రాముకు గంటకు ఎన్ని మైక్రోమోల్ అనే. పెన్నా తీరంగారి సంఖ్య గ్రాముకు గంటకు 2,000 అవుతుంది. పోల్చుకోవడానికి అదే దారి.

అంబత్తూరు గ్యాస్

నేను రసాయనవేత్తను కాను. వాయు విశ్లేషణ పరికరాల మరమ్మతులు, సర్వీసు నా వృత్తి. చెన్నైలో కాంతి ఉత్ప్రేరకాల మీద పనిచేసే ప్రయోగశాలలకు చాలా వాటికి వెళ్తుంటాను. సంఖ్యల గురించి వాదించే ముందు ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి.

మీ గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో క్యారియర్ వాయువు (నమూనాను మోసుకెళ్లే వాయువు) ఏది? హీలియం అయితే మార్చండి. హైడ్రోజన్, హీలియం ఉష్ణవాహకతలు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఉష్ణవాహకత తేడాను కొలిచే టీసీడీకి తేడా సరిగా తెలియదు, శిఖరం చిన్నదిగా, ఒక్కోసారి తలకిందులుగా వస్తుంది. ఆర్గాన్ వాడండి. ఆర్గాన్‌తో ఇంకో లాభం ఉంది. మాలిక్యులర్ సీవ్ 5ఏ కాలమ్‌లో ఆర్గాన్, ఆక్సిజన్ మామూలు ఉష్ణోగ్రత దగ్గర కలిసే బయటికి వస్తాయి. క్యారియర్ ఆర్గానే అయినప్పుడు ఆర్గాన్ శిఖరం ఉండదు, ఆక్సిజన్ ఒక్కటే కనిపిస్తుంది.

ప్రతి ఇంజెక్షన్‌లోనూ నైట్రోజన్ శిఖరం చూడండి. పాత్రలో నైట్రోజన్ పుట్టదు కాబట్టి అది కనిపించిందంటే గాలి దూరినట్టే. ఆక్సిజన్‌కు దాదాపు నాలుగింతలు నైట్రోజన్ ఉంటే ఆ ఆక్సిజన్ మీ నీటి నుంచి వచ్చింది కాదు. దూరే చోట్లు సాధారణంగా రెండే: సూది గుచ్చి గుచ్చి వదులైన రబ్బరు సెప్టం (పాత్ర మూత), తాళం లేని సిరంజి. దీపం వెలిగించక ముందు చీకట్లో ఒక నమూనా, పొడి వేయకుండా కాంతిలో ఒక నమూనా తప్పకుండా తీయండి.

మిథనాల్ ఆవిరిని, నీటి ఆవిరిని నేరుగా కాలమ్‌లోకి పంపకండి, మధ్యలో చల్లని ట్రాప్ పెట్టండి. కార్బన్ డయాక్సైడ్ ఈ కాలమ్ దాటి రాదు, లోపలే చిక్కుకుంటుంది. శిఖరం లేదు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ రాలేదని రాసినవాళ్లను చూశాను. దానికి వేరే కాలమ్ కావాలి.

పెన్నా తీరం

అందరికీ కృతజ్ఞతలు. మా దగ్గర క్యారియర్ నైట్రోజన్! అంటే గాలి దూరినా మాకు నైట్రోజన్ ద్వారా తెలిసే దారే లేదు. ఈ వారంలోనే ఆర్గాన్ సిలిండర్ కోసం అడుగుతాను.

దీపం గురించి ఒక సందేహం. మాకు సోలార్ సిమ్యులేటర్ లేదు. మేడ మీద అసలు ఎండలోనే పరీక్ష చేద్దామని ఉంది. చెన్నైలో ఎండకు కొదవ లేదు కదా. క్వార్ట్జ్ పాత్ర కొనాలా? శుద్ధ నీటితో, మిథనాల్ లేకుండా చేసినప్పుడు హైడ్రోజన్ జాడ మాత్రమే కనిపించింది, ఆక్సిజన్ అసలు లేదు. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

కాంతిరసాయనం

మేడ మీద ఎండకు క్వార్ట్జ్ అక్కర్లేదు. నేల మీదికి వచ్చే సూర్యకాంతి 300 నానోమీటర్ల దగ్గరే మొదలవుతుంది. మీకు కావలసిన 350 ప్రాంతపు కాంతిని మామూలు బోరోసిలికేట్ గాజు బాగానే పంపిస్తుంది. 254 నానోమీటర్ల పాదరసపు దీపానికైతే క్వార్ట్జ్ తప్పదు. చెన్నైలో ఏప్రిల్ నాలుగో వారంలో, మళ్లీ ఆగస్టు మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. నేనైతే ఏప్రిల్ కోసం చూస్తాను, ఆగస్టులో మబ్బులు నమ్మనివ్వవు. పాత్రకు నీటి జాకెట్ తప్పనిసరి. మిథనాల్ 65 డిగ్రీలకే మరుగుతుంది, ఆ ఎండలో ఆవిరి పీడనం పెరిగి సెప్టం ఉబ్బుతుంది. కొలిచేటప్పుడు మొత్తం సౌరశక్తి చెప్పే మీటరుతో సరిపెట్టుకోకండి. ఎండలో అతినీలలోహిత వాటా 4, 5 శాతమే. సముద్రపు గాలి తిరిగి తేమ పెరిగినప్పుడు ఆ వాటా ఎటు మారిందో మొత్తం మీటరు చెప్పదు. యూవీ మీటరు వేరుగా పెట్టండి.

తరమణి పరిశోధకుడుగారూ, పత్రికలు అడుగుతాయన్నది నిజమే. కానీ గ్రాముకు లెక్క పోలికకు పనికిరాదు. 50 మిల్లీగ్రాముల పొడికి బదులు 10 మిల్లీగ్రాములు వేయండి, ఆ సంఖ్య అమాంతం పెరుగుతుంది. ఉత్ప్రేరకం మెరుగుపడలేదు, ఒక కణం నీడ మరో కణం మీద పడటం తగ్గిందంతే. టైటానియం రేకును ఫ్లోరైడ్ ద్రావణంలో విద్యుత్తుతో ఆక్సీకరణం చేసి (అనోడైజ్ చేసి) పెంచిన గొట్టాలతోనైతే గ్రాము లెక్కకు అర్థమే ఉండదు, అక్కడ చదరపు సెంటీమీటరు లెక్క. ఫోటాన్‌లను లెక్కించడమే న్యాయం. 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ ఒకటి తీసుకోండి. పాత్ర మీద పడే కాంతి 100 మిల్లీవాట్లు అనుకుందాం. ఒక్కో ఫోటాన్‌లో 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు, కాబట్టి గంటకు పడేవి దాదాపు 1,100 మైక్రోమోల్ ఫోటాన్లు. ఒక హైడ్రోజన్ అణువుకు రెండు ఎలక్ట్రాన్లు కావాలి. గంటకు 100 మైక్రోమోల్ హైడ్రోజన్ వస్తే 200ను 1,100తో భాగించండి, 18 శాతం. ఈ సంఖ్యను జపాన్‌లో కొలిచినా తరమణిలో కొలిచినా పక్కపక్కన పెట్టి చూడవచ్చు. పొడి బరువు పెంచుతూ వెళ్లి, హైడ్రోజన్ ఇక పెరగని చోట కొలవాలి.

మిథనాల్ విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. హోల్‌కు ఎలక్ట్రాన్ ఇచ్చాక మిగిలే మిథనాల్ ముక్క తనంతట తానే మరో ఎలక్ట్రాన్‌ను టైటానియాకు ఇవ్వగలదు. ఒక ఫోటాన్‌కు రెండు ఎలక్ట్రాన్లు దక్కినట్టవుతుంది. అందువల్ల మిథనాల్‌లో వచ్చిన 18 శాతం, శుద్ధ నీటిలో వచ్చిన 18 శాతం ఒకటి కావు.

ఇక మీ ముఖ్య ప్రశ్న. మిథనాల్, నీరు కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా మారితే ఒక్కో మిథనాల్ అణువుకు మూడు హైడ్రోజన్ అణువులు వస్తాయి. మీ పాత్రలోని 20 మిల్లీలీటర్ల మిథనాల్ దాదాపు అర మోల్. అది ఒక్కటే మోలున్నర హైడ్రోజన్ ఇవ్వగలదు. మీరు కొలుస్తున్నది గంటకు ఒక మోల్‌లో పదివేలవ వంతు. కాబట్టి వచ్చినదంతా మిథనాల్ ఆక్సీకరణతో ముడిపడినదేనని చెప్పడానికి ఏ అడ్డూ లేదు. దాన్ని నీటి విభజనగా రాయకూడదు. మిథనాల్ సమక్షంలో హైడ్రోజన్ ఉత్పత్తి అని రాసి, ఫార్మాల్డిహైడ్, కార్బన్ డయాక్సైడ్ ఎంత వచ్చాయో కూడా ఇవ్వండి. అది చిన్న పని కాదు. గైడ్‌గారికి ఈ లెక్క చూపించండి, కాదనరు.

శుద్ధ నీటిలో మీకు ఎదురైనదే ఈ రంగంలో అందరినీ ఆపిన గోడ. ఒక ఆక్సిజన్ అణువుకు నాలుగు హోళ్లు కావాలి, అది నెమ్మదైన పని, మిల్లీసెకన్ల నుంచి సెకను దాకా పడుతుంది. అంతసేపు హోల్ బతికి ఉండాలి. పుట్టిన కాస్త ఆక్సిజన్ టైటానియా మీద పెరాక్సైడ్‌లుగా అతుక్కుని బయటికి రాకపోవచ్చు. వచ్చినదాన్ని ఇప్పుడు ప్లాటినం హైడ్రోజన్‌తో కలిపి మళ్లీ నీరు చేస్తుంది. నేను ఇందాక పక్కన పెట్టమన్న కారణం ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది. జాడగా వచ్చిన హైడ్రోజన్ గొట్టాల మీద మిగిలిన మిథనాల్ వల్లే కావచ్చు. పట్టించాక బాగా కడిగి, ఒకసారి గాలిలో మెల్లగా వేడి చేసి చూడండి.

ఈ గోడను దాటినవాళ్లు హోల్ వైపు శ్రద్ధ పెట్టినవాళ్లే. 1972లో ఫుజిషిమా, హోండా టైటానియా ఎలక్ట్రోడ్ మీద కాంతితో నీటిని విడగొట్టినప్పుడు ఆక్సిజన్ ఒక చోట, హైడ్రోజన్ ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద ఇంకో చోట వచ్చాయి. వాళ్ల అమరికలోనే రెండూ విడివిడిగా ఉన్నాయి. పొడిలో ఆ ఎడం మనమే కల్పించాలి. 2020లో జపాన్ బృందం అల్యూమినియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్ కణాలకు ఒక ముఖాల మీద క్రోమియం ఆక్సైడ్ తొడిగిన రోడియాన్ని, వేరే ముఖాల మీద కోబాల్ట్ ఆక్సీహైడ్రాక్సైడ్‌ను పెట్టింది. 350 నుంచి 360 నానోమీటర్ల కాంతిలో 96 శాతం దాకా క్వాంటం ఫలితం (పడిన ఫోటాన్లలో పనికొచ్చిన వాటా) వచ్చింది. ఆ క్రోమియం తొడుగు ప్రోటాన్లను లోపలికి రానిస్తుంది, ఆక్సిజన్‌ను రానివ్వదు. అదే రకం పదార్థంతో 100 చదరపు మీటర్ల పలకలు ఆరుబయట పెడితే సూర్యశక్తి నుంచి హైడ్రోజన్‌కు మారిన వాటా 0.76 శాతం దాకానే ఉంది. రెండు సంఖ్యలూ నిజమే. ఎండలో ఆ పదార్థం తీసుకోగలిగిన అతినీలలోహిత భాగం అంత తక్కువ మరి.

మీ గొట్టానికి పుట్టుకతోనే లోపలి ముఖం, బయటి ముఖం ఉన్నాయి. అణుపొరల నిక్షేపణతో ప్లాటినాన్ని లోపల, కోబాల్ట్ ఆక్సైడ్‌ను బయట పెట్టిన గొట్టాలు ఇప్పటికే తయారయ్యాయి. వాటి వ్యాసం మీ గొట్టాలకంటే చాలా పెద్దది. 5 నానోమీటర్ల మూతిలో అది కుదరదు కాబట్టి, అటువైపు వెళ్లాలనుకుంటే అనోడైజ్ చేసిన గొట్టాలకు మారవలసి ఉంటుంది. ఫ్లోరైడ్‌తో పని గనుక దాని కాలిన గాయాలకు పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఎదురుగా లేకుండా మొదలుపెట్టవద్దు. అలా పెంచిన గొట్టాలు మొదట స్ఫటికం కావు, 450 డిగ్రీల దగ్గర కాలిస్తేనే అనటేజ్ అవుతాయి.

తరమణి పరిశోధకుడు

గ్రాము లెక్క మీద మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను, రెండు సంఖ్యలూ ఇవ్వడం మేలు. కోబాల్ట్ ఆక్సైడ్ మాత్రం పెన్నా తీరంగారు ఇప్పుడున్న గొట్టాలతోనే ప్రయత్నించవచ్చు. ప్లాటినం మిథనాల్‌తో దిగుతుంది, అంటే ఎలక్ట్రాన్లు అందిన చోట. కోబాల్ట్ లవణాన్ని సోడియం అయోడేట్ సమక్షంలో కాంతి కింద పెడితే, ఎలక్ట్రాన్లను అయోడేట్ తీసుకుంటుంది, కోబాల్ట్‌ను హోళ్లు ఆక్సైడ్‌గా మార్చి తాము చేరిన చోటే దించుతాయి. ముందు ప్లాటినం అర శాతం, బాగా కడిగాక కోబాల్ట్ అంతకంటే తక్కువతో మొదలుపెట్టండి. అయోడేట్ మిగిలితే అది ఎలక్ట్రాన్లను తినేసి హైడ్రోజన్‌ను ఆపేస్తుంది, కడిగిన నీటిలో అది లేదని తేలేదాకా కడగండి.